ప్లేగు రోజుల్లో ఒక టీచరమ్మ



జనవరి 3 వచ్చిందంటే స్కూళ్ళలో సావిత్రిబాయి ఫూలే ఫొటోకి దండ వేస్తాం. ఆడపిల్లలు చీర కట్టుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, చేతిలో పుస్తకంతో స్టేజీ ఎక్కుతారు. మన దేశంలో ఆడపిల్లల కోసం బడి పెట్టిన తొలి టీచర్లలో ఒకరని నాలుగు వాక్యాలు చెప్పి దిగుతారు. తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి ఆ రోజును మహిళా టీచర్ల దినోత్సవంగా జరుపుతోంది కూడా. ఆ నాలుగు వాక్యాలు ముందు రోజు రాత్రి కూర్చుని పిల్లలతో బట్టీ పట్టించిన వాళ్ళు మీలో చాలామందే ఉంటారు.

ఆ వాక్యాల్లో సాధారణంగా రాని విషయం ఒకటుంది. ఆమె ఎలా చనిపోయారన్నది. అది తెలిస్తే ఆమె బతుకంతా ఇంకో వెలుగులో కనిపిస్తుంది. ఊరంతా భయంతో తలుపులు మూసుకున్నప్పుడు, ఒక మనిషి చేసే చిన్న పని ఎంత దూరం పోతుందో కూడా తెలుస్తుంది. మన పిల్లలు ఒక మహమ్మారి కాలంలో పుట్టినవాళ్ళో, పెరిగినవాళ్ళో. కాబట్టి ఈ కథ వాళ్ళకు చెప్పాల్సిందే. అంతకంటే ముందు మనం ఒకసారి చదువుకోవాలి.

రెండో చీర

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయగావ్‌లో పుట్టారు. పూలు, కూరగాయలు పండించే మాలీ కుటుంబం. తండ్రి ఊరి పాటిల్, అంటే గ్రామపెద్ద. తొమ్మిదేళ్ళకే పెళ్ళయింది. పెళ్ళికొడుకు జోతిరావు ఫూలేకి అప్పటికి పదమూడేళ్ళు. పెళ్ళినాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. భర్తే ఆమెకు చదువు నేర్పారు. ఆ తర్వాత ఆమె టీచరు శిక్షణ కూడా తీసుకున్నారు. మన మాటల్లో చెప్పాలంటే పెళ్ళయ్యాక బీఈడీ చేసినట్టు.

1848లో పుణె నగరంలో భిడే వాడా అనే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఆడపిల్లల బడి మొదలుపెట్టారు. ఆడది చదివితే ఇల్లు చెడుతుందని, కింది కులాల వాళ్ళు చదివితే ధర్మం చెడుతుందని నమ్మే రోజులవి. ఆమె బడికి నడిచి వెళ్తుంటే దారిలో తిట్టేవాళ్ళు. బురద, పేడ, రాళ్ళు విసిరేవాళ్ళు. అందుకని ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని బయలుదేరేవారు. బడికి చేరాక మురికైన చీర విప్పి, శుభ్రమైనది కట్టుకుని పాఠం మొదలుపెట్టేవారు. సాయంత్రం మళ్ళీ పాత చీరతోనే ఇంటిదారి పట్టేవారు.

ఈ చీర సంగతి చాలామందికి తెలుసు. దాన్ని మనం ధైర్యం కింద చెబుతాం. ధైర్యమే, సందేహం లేదు. కానీ ఒక టీచరుగా నాకు అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. బడిలో కూర్చున్న ఆ చిన్నపిల్లలు భయపడుతూనే వచ్చి ఉంటారు. వాళ్ళ ఇళ్ళలోనూ చుట్టాలు, ఇరుగుపొరుగు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. పేడ మరకల చీరతో టీచరు ఎదురుగా నిలబడితే పిల్లల గుండె జారిపోదా? శుభ్రమైన చీరతో మామూలుగా పలకలు తీయమంటే, ఈరోజు కూడా బడి మామూలే అని పిల్లలకు అర్థమవుతుంది. భయపడే పిల్లలకు పెద్దవాళ్ళు ఇవ్వగలిగిన మొదటి ఆసరా ఇదే. రోజు మామూలుగా సాగుతోందన్న నమ్మకం.

ఆ దంపతుల పనికి ఇంట్లోనూ ఇబ్బంది వచ్చింది. ఊరివాళ్ళ ఒత్తిడికి తట్టుకోలేక 1849లో జోతిరావు తండ్రి వాళ్ళను ఇల్లు వదలమన్నారు. అప్పుడు ఉస్మాన్ షేక్ అనే స్నేహితుడు తన ఇంట్లో చోటిచ్చాడు. ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పనిచేశారు. చోటు లేని రోజున ఎవరో ఒకరు తలుపు తీయడం అంటే ఏమిటో సావిత్రిబాయి స్వయంగా చూశారు. తర్వాతి యాభై ఏళ్ళూ ఆమె చేసింది కూడా అదే. తలుపు తీయడం.

తెరిచిన తలుపులు

ఆ రోజుల్లో చిన్నతనంలోనే భర్త పోయిన ఆడపిల్లలకు మళ్ళీ పెళ్ళి ఉండేది కాదు. వాళ్ళలో ఎవరైనా మోసపోయి గర్భవతి అయితే పరువు పేరుతో ఇంట్లోంచి గెంటేసేవాళ్ళు. దిక్కు తోచక కొందరు పుట్టిన బిడ్డను చంపుకునేవారు, కొందరు తామే చచ్చిపోయేవారు. ఫూలే దంపతులు అలాంటి వాళ్ళు రహస్యంగా వచ్చి ప్రసవించి వెళ్ళేందుకు ఆశ్రయం నడిపారు. పురుళ్ళు, పసిపిల్లల ఆలనా పాలనా సావిత్రిబాయి చూసుకునేవారు. 1874లో అలా వచ్చిన కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు కన్న బిడ్డను, సొంత పిల్లలు లేని ఆ దంపతులు పెంచుకున్నారు. ఆ పిల్లాడి పేరు యశ్వంత్. పెద్దయ్యాక డాక్టరయ్యాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తాడు.

1868లో తమ ఇంటి ఆవరణలోని నీళ్ళను అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టినవాళ్ళందరికీ తెరిచారు. అదే ఏడాది సావిత్రిబాయి పుట్టింటి ఊళ్ళో ఉన్నప్పుడు ఒక గొడవ జరిగింది. గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు, శార్జా అనే మహర్ కులపు అమ్మాయి ప్రేమించుకున్నారు. అమ్మాయి గర్భవతి అని తెలిసి ఊరివాళ్ళు ఇద్దరినీ కొట్టి చంపడానికి సిద్ధపడ్డారు. సావిత్రిబాయి పరుగున వెళ్ళి అడ్డుపడ్డారు. చంపితే చట్టం మిమ్మల్ని ఊరికే వదలదని హెచ్చరించి ఆ ఇద్దరినీ కాపాడారు. తర్వాత వాళ్ళను భర్త దగ్గరికి పంపించారు. ఈ సంగతి ఆమె భర్తకు రాసిన ఉత్తరంలో ఉంది.

1876లో పెద్ద కరువు వచ్చింది. దక్కన్ ప్రాంతమంతా, మన రాయలసీమతో సహా, ఆ కరువులో అల్లాడింది. ఫూలే దంపతులు, వాళ్ళు పెట్టిన సత్యశోధక్ సమాజ్ కార్యకర్తలు ఊళ్ళు తిరిగి చందాలు పోగుచేసి, ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టే కేంద్రాలు నడిపారు. 1877లో జున్నర్ ప్రాంతం నుంచి సావిత్రిబాయి భర్తకు ఇంకో ఉత్తరం రాశారు. పశువులు పడిపోతున్నాయని, మనుషులు ఊళ్ళు వదిలి పోతున్నారని అందులో వివరంగా ఉంటుంది. భర్త పక్కన లేకపోయినా పని ఆపలేదు.

1890 నవంబరు 28న జోతిరావు చనిపోయారు. పెంచుకున్న కొడుకు తలకొరివి పెట్టడానికి వీల్లేదని బంధువులు అడ్డం తిరిగారు. సావిత్రిబాయి నిప్పుకుండ తానే చేత పట్టుకుని శవయాత్ర ముందు నడిచారు. అప్పటికి ఆమెకు దాదాపు అరవై ఏళ్ళు. ఆ తర్వాత సమాజ్ పని కూడా ఆమే నడిపారు.

ఇవన్నీ వరసగా ఎందుకు చెప్పానంటే, 1897లో ఆమె చేసిన పని ఒక్క రోజులో పుట్టిన సాహసం అనిపించకూడదని. దాని వెనక యాభై ఏళ్ళ అలవాటు ఉంది.

ఎలుకలు రాలిన ఊరు

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. ఓడరేవు పక్కన ధాన్యం గోదాములుండే మాండ్వి ప్రాంతంలో మొదలైంది. ముందు ఎలుకలు చచ్చేవి. తర్వాత మనుషులకు విపరీతమైన జ్వరం వచ్చేది. గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళలు కట్టేవి. కొద్ది రోజుల్లో ప్రాణం పోయేది. సోకినవాళ్ళలో బతికేవాళ్ళకంటే చనిపోయేవాళ్ళే ఎక్కువ. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టారు. కానీ ఎలుకల ఒంటి మీద బతికే చిన్న పురుగులు కుట్టడం వల్ల అది మనుషులకు వస్తుందన్న సంగతి 1898లో గానీ బయటికి రాలేదు. యాంటీబయాటిక్స్ అన్న మాటే అప్పటికి లేదు. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1897 జనవరిలో బొంబాయిలో టీకా తయారు చేసి ముందు తనకే వేసుకున్నారు. అది మామూలు జనానికి అందడానికి ఇంకా సమయం పట్టింది.

అంటే ఏది ముట్టుకుంటే వస్తుందో తెలియదు, వస్తే మందు లేదు. ఇంతకంటే భయం ఏముంటుంది? కొన్ని నెలల్లోనే బొంబాయి దాదాపు సగం ఖాళీ అయింది. జనం రైళ్ళెక్కి పారిపోయారు. వాళ్ళతోపాటు జబ్బూ ప్రయాణం చేసింది. పుణెకి చేరింది.

ప్రభుత్వం కూడా భయపడింది. బొంబాయిలో రోగులను బలవంతంగా ఆసుపత్రికి తరలించడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి రారన్న మాట ఊరంతా పాకింది. 1896 అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. మనకు ఈ చట్టం కొత్తేమీ కాదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కరోనా ఆంక్షలకు వాడింది ఈ చట్టాన్నే.

పుణెలో ఆ మార్చి నెలలోనే సైనికులు ఇంటింటి సోదాలు మొదలుపెట్టారు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి బూట్లతో వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళను నలుగురిలో పరీక్షించేవాళ్ళు. సామాన్లు తగలబెట్టేవాళ్ళు. జబ్బు మనిషిని ఒకచోటికి, ఇంటివాళ్ళను ఇంకోచోటికి తీసుకెళ్ళేవాళ్ళు. రోగులను వేరుగా ఉంచాలన్న ఆలోచన తప్పేమీ కాదు. కానీ ఆ పని చేసిన తీరు చూసి జనానికి జబ్బుకంటే సైనికులంటేనే ఎక్కువ భయం పట్టుకుంది. ఇంట్లో జ్వరం వచ్చినవాళ్ళను దాచిపెట్టడం మొదలుపెట్టారు. దాచిన కొద్దీ జబ్బు పాకింది. ఆ కోపం ఎక్కడిదాకా వెళ్ళిందంటే, జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు.

పొలాల మధ్య ఆసుపత్రి

సైనికుల సోదాలకు ముందే, ఆ చలికాలంలో, సావిత్రిబాయి ఇంకో దారి పట్టారు. యశ్వంత్ అప్పటికి సైన్యంలో డాక్టరు. ఆమె కొడుకును పిలిపించారు. ఆయన సెలవు పెట్టి వచ్చి, పుణె బయట హడప్సర్ దగ్గర, జనావాసాలకు దూరంగా పొలాల మధ్య ప్లేగు రోగుల కోసం ఆసుపత్రి తెరిచారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మీ కొడుకో కూతురో డాక్టరైతే, కరోనా మొదటి రోజుల్లో మీరు ఫోన్ చేసి ఏమని చెప్పేవారు? సెలవు దొరికితే ఇంటికొచ్చేయ్ అనేవాళ్ళం చాలామందిమి. అలా అనడం తప్పని నేననను, అమ్మానాన్నల ప్రాణం అలాంటిది. యశ్వంత్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆయన కూడా సెలవు పెట్టి ఇంటికే వచ్చాడు, రోగులను చూడడానికి.

సావిత్రిబాయి డాక్టరు కాదు. ఆమె వయసు అరవై ఆరు. ఆమె చేయగలిగింది చిన్న పనే. జబ్బు పడినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం, వాళ్ళను ఆసుపత్రికి తీసుకురావడం, దగ్గరుండి చూసుకోవడం. ఆ రోజుల్లో ఆ చిన్న పని చేసేవాళ్ళే కరువయ్యారు.

దాని విలువ ఎక్కడుందో చూడండి. రోగిని ఊరికి దూరంగా తీసుకెళ్ళాలన్నదే ప్రభుత్వం పద్ధతి. సావిత్రిబాయి చేసిందీ అదే. రోగిని ఊరికి దూరంగా ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళారు. తేడా అంతా తీసుకెళ్ళే మనిషిలో ఉంది. తుపాకీ పట్టుకున్న సైనికుడొస్తే తల్లి బిడ్డను దాచిపెడుతుంది. యాభై ఏళ్ళుగా తెలిసిన టీచరమ్మ, కరువులో అన్నం పెట్టిన మనిషి, తన బావి నీళ్ళు ఇచ్చిన మనిషి వచ్చి చేతులు చాపితే అదే తల్లి బిడ్డను అప్పగిస్తుంది. దయ అనేది వైద్యానికి పైన అలంకారం అనుకుంటాం మనం. నమ్మకం లేనిచోట వైద్యం ఇంటి గడప కూడా దాటి లోపలికి రాలేదని ఆ ఏడాది పుణె చూపించింది.

ముండ్వా అనే ఊరి బయట మహర్‌ల వాడలో గైక్వాడ్ కుటుంబంలోని పాండురంగ్ అనే పిల్లాడికి ప్లేగు సోకిందని ఆమెకు తెలిసింది. మహర్‌లను మామూలు రోజుల్లోనే ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఇక ప్లేగు వచ్చిన మహర్ పిల్లాడిని ఎవరు ముట్టుకుంటారు? సావిత్రిబాయి వెళ్ళారు. పిల్లాడిని వీపు మీదికి ఎత్తుకున్నారు. హడప్సర్ ఆసుపత్రి దాకా మోసుకుంటూ నడిచారు.

ఆ జబ్బు ఆమెకూ అంటింది. 1897 మార్చి 10న ఆమె చనిపోయారు.

మన పిల్లలకు ఏం చెప్పాలి?

ఈ కథ ఇంట్లో చెబితే పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. మంచి పని చేస్తే చనిపోతారా అని. ఇంకొంచెం పెద్ద పిల్లలైతే, అయితే ఆవిడ వెళ్ళకుండా ఉండాల్సింది కదా అంటారు. ఈ ప్రశ్నను దాటేయొద్దని నా మనవి.

నిజం చెప్పండి. ఆమెకు ప్రమాదం ఉంది, అది ఆమెకు తెలుసు, అయినా వెళ్ళారు. ఈరోజు మనకు గ్లవ్స్ ఉన్నాయి, మాస్కులున్నాయి, ప్లేగుకు మందులున్నాయి. జబ్బు మనిషిని ఎలా చూసుకోవాలో, ఎంత దూరంలో ఉండాలో డాక్టర్లు చెబుతారు. ఆ జాగ్రత్తలు పాటించాలి. పిల్లలను ప్రమాదంలోకి దూకమని చెప్పడానికి కాదు ఈ కథ. జబ్బుకు దూరంగా ఉండటం వేరు, జబ్బు పడ్డ మనిషిని దూరం పెట్టడం వేరని చెప్పడానికి.

ఈ రెండింటి మధ్య తేడా కరోనాలో మనందరం చూశాం. పాజిటివ్ వచ్చిందని తెలియగానే లిఫ్టు ఎక్కొద్దన్న అపార్ట్‌మెంట్లున్నాయి. ఊరి పొలిమేరలో కంచె వేసిన ఊళ్ళున్నాయి. అదే రోజుల్లో గుమ్మం ముందు టిఫిన్ క్యారియర్ పెట్టి, బెల్లు కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడిన పక్కింటివాళ్ళూ ఉన్నారు. నడిచి ఊళ్ళకు పోతున్న వలస కూలీలకు హైవేల మీద మజ్జిగ ప్యాకెట్లు, చెప్పులు ఇచ్చినవాళ్ళున్నారు. క్యారియర్ తెచ్చినవాళ్ళు జాగ్రత్తా పాటించారు, మనిషినీ వదల్లేదు. ఆ అన్నంతో జ్వరం తగ్గిందని ఎవరూ అనరు. తలుపుకి ఇవతల మనకోసం ఒకరున్నారన్న ధైర్యం మాత్రం లోపలున్నవాళ్ళకు అందింది. అలాంటి రోజు మీ ఇంట్లో కూడా గడిచి ఉంటే, ఆ క్యారియర్ ఎవరు తెచ్చారో మీరింకా మర్చిపోయి ఉండరు.

సావిత్రిబాయి కథలో నాకు అన్నిటికంటే బలంగా తోచేది యశ్వంత్ సంగతి. తల్లి పోయాక ఆయన వైద్యం మానలేదు. 1905లో మళ్ళీ ప్లేగు వచ్చినప్పుడు రోగులకు వైద్యం చేస్తూనే ఆయన కూడా చనిపోయారు. ఈ విషయం చదివినప్పుడు బాధేస్తుంది. ఆ ఇంట్లో ఆయన చిన్నప్పటి నుంచి ఏం చూస్తూ పెరిగి ఉంటారో కూడా అర్థమవుతుంది. ఎవరో ఒకరు రాత్రిపూట వచ్చి తలుపు తట్టడం, అమ్మ లేచి తలుపు తీయడం. పిల్లలకు దయ గురించి మనం క్లాసులో పాఠం చెప్పగలం, పరీక్షలో రాయించగలం, మార్కులు కూడా వేయగలం. అది వాళ్ళకు అబ్బేది మాత్రం ఇంట్లో మిమ్మల్ని చూసి.

అందుకే ఈ నెల మీకు మూడు చిన్న పనులు సూచిస్తున్నాను.

ఒకటి. ఈ కథను మీ మాటల్లో, మీ ఇంటి భాషలో పిల్లలకు చెప్పండి. చివర నీతి చెప్పకండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు మాత్రం జవాబివ్వండి.

రెండు. క్లాసులో ఎవరికైనా అమ్మవారో, గవదబిళ్ళలో, కళ్ళకలకో వచ్చిందని తెలిస్తే క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఆ పిల్లల పేరు పెట్టకండి. జాగ్రత్తలు మా స్కూలు తరఫున మేం చెబుతాం. మీరు ఆ ఇంటికి ఒక ఫోన్ చేయండి. మీ పిల్లల చేత ఆ రోజు నోట్సు పంపించండి.

మూడు. మీ ఇంట్లో పనిచేసే అమ్మకో, వాచ్‌మన్‌కో, స్కూల్ వ్యాన్ డ్రైవర్ అన్నకో ఒంట్లో బాగాలేదని తెలిస్తే, ఎలా ఉందని పిల్లల ముందే అడగండి. అవసరమైతే మందుల షాపుకి వెళ్ళేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్ళండి.

భయపడే రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో, ఏ రూపంలో వస్తుందో మనకు తెలియదు. వచ్చిన రోజున పిల్లలు ముందు మన ముఖం వైపు చూస్తారు.